అధికారమునకు మేర
1942లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము, ఒహాయో కర్షకుడు రాస్కో ఫిల్బర్న్ తనకు నిర్ణీతమైన 11.1 ఎకరములకు మించి 23 ఎకరములలో గోధుమ పండించినందులకు విధించిన జరిమానా చెల్లునని తీర్పు చెప్పెను. ఇంటివాడుకకు పండిన గింజయైనను దేశవాణిజ్యమును తాకునట! అట్లయినచో సమాఖ్య ప్రభుత్వాధికారమునకు మేర యేదియని యచటి సంప్రదాయపక్షమువారు నేటికిని ప్రశ్నించుచున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని 1957లో ఆర్కన్సా గవర్నరు తన రాష్ట్రాధికారమును చేబూనియే తొమ్మండుగురు నల్లజాతి విద్యార్థులను పాఠశాలవాకిట నడ్డగించెను. అధ్యక్షుడు ఐసన్‌హోవర్ సమాఖ్య సైన్యమును పంపి వారికి ప్రవేశము కల్పించెను. కావున అధికారము దూరమున నున్నదా, చేరువ నున్నదా యనుట కంటె, అది దుర్బలుని కాచుచున్నదా, కట్టివేయుచున్నదా యనుటయే విచారణీయము. కంచె చేనును మేయరాదు. అట్లని కంచె లేని చేను నిలువదు.