పాలు మానిన బిడ్డ

ఆదివారము విశ్రాంతిదినమని చిన్ననాట సండేస్కూలులో కంఠస్థము చేసితిని గాని, మా యింట ఆ దినమున అమ్మకంటె ముందు మేల్కొన్నవారిని నేనెరుగను. శనివారము రాత్రియే మినప్పప్పు రుబ్బి, తెల్లవారకమునుపే పొయ్యి రాజేసి, నలుగురికి తల దువ్వి, మొదటి గంట మ్రోగుసరికి మమ్మందరను గుమ్మము దాటించి, తడిచేతులు పైటకొంగున తుడుచుకొనుచు చంటివానిని చంకనెత్తుకొని మా వెనుక వచ్చెడిది. గుడిలో స్త్రీలవైపు చాపమీద కూర్చుండి, అయ్యగారు ప్రసంగ మారంభించిన కొంతసేపటికే ఆమె కునికిపాట్లు పడుచుండ, నేను పదిమందిలో చిన్నతనమై మోచేతితో పొడిచెడిదానను. ఆమె ఉలికిపడి, పసుపు మరకలు వదలని వ్రేళ్లతో బైబిలు పుటలు త్రిప్పజొచ్చెడిది. ముగ్గురు బిడ్డల తల్లినైన పిదప ఆ మోచేతిపోటు నాకే తగులుచున్నది.

నిర్గమకాండము 20వ అధ్యాయమున విశ్రాంతిదినాజ్ఞను చదువునపుడెల్ల నా దృష్టి ఒకచోట ఆగును. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, వాకిట నున్న పరదేశి, వీరందరును పని మానవలెనని అచట వరుసగా చెప్పబడినది. భార్య మాట మాత్రము లేదు. 'నీవు' అను సంబోధనలోనే ఆమెయు నిమిడియున్నదని వ్యాఖ్యాతలు చెప్పుదురు, నేను కాదనను. అయినను, కాడి దింపిన యెద్దు నెమరువేయుచు పండుకొనిన వేళ ఆ యింటి ఇల్లాలు ఏమి చేయుచుండెనో అను ప్రశ్న, వంటయింటి గడపకడ కూర్చుండి చదువుకొను వారికి కలుగక మానదు.

అలసిన తల్లికి విశ్రాంతి దొరకకుండుటకు పనిభార మొక్కటియే హేతువు కాదు. ప్రార్థనయు ఆమెకు చేయవలసిన పనులలో ఒకటియై, అంట్లవలె, ఆరవేయని బట్టలవలె మిగిలిపోయిన బాకీయై, రాత్రి పక్కమీద వాలినపుడు గుండెలమీద వచ్చి కూర్చుండును. వేకువను నాలుగింటికి లేచి మోకరింపవలెనని బోధించు దైవజనులు, ఆ నాలుగింటికే ఆమె జ్వరముతోనున్న బిడ్డ నుదుట తడిగుడ్డ మార్చుచుండునని తలంతురో లేదో! ఇట్టి బోధకు దృష్టాంతముగా జాన్ వెస్లీ తల్లి సుసన్నాను పేర్కొనుట కద్దు. 1669లో జన్మించిన ఆ సాధ్వి, ఇంగ్లండులోని ఎప్వర్త్‌లో గురువుగారి భార్యయై, 19 మంది బిడ్డలను కని, వారిలో తొమ్మండుగురిని శైశవముననే పోగొట్టుకొన్నది. ఏకాంతమునకు చోటు లేక, పనివేళ కట్టుకొను ఏప్రన్‌నే తలమీదుగా కప్పుకొని ప్రార్థించెడిదనియు, ఆ సమయమున బిడ్డలామెను పలుకరింపరాదనియు పరంపరగా చెప్పుకొందురు. దీనిని క్రమశిక్షణకు మాదిరిగా చూపువారు చూపుదురు గాక. నాకు మాత్రము ఆ గుడ్డచాటు చీకటిలో, పదిమాటలు పలుకుటకైనను ఓపిక లేని ఒక తల్లి ఊరక ఊపిరి పీల్చుకొనుటయే కనబడుచున్నది.

నాకు మిక్కిలి ఆదరణ కలిగించినది ఏలీయా వృత్తాంతము. కర్మెలు పర్వతముపై ఆకాశాగ్నిని చూచిన ఆ ప్రవక్తయే, యెజెబెలు బెదరింపునకు పారిపోయి, బెయేర్షెబా దాటి అరణ్యమున ఒక దినప్రయాణము చేసి, బదరీవృక్షము క్రింద కూలబడి, మరణమునే కోరుకొని నిద్రపోయెను. అప్పుడు దేవుడు అతనిని గద్దింపలేదు, ప్రార్థింపుమని చెప్పలేదు; దూతచేత తట్టి లేపించి, తలాపున నిప్పులమీద కాలిన రొట్టెను, నీళ్లను ఉంచెను. తిని త్రాగి అతడు మరల పండుకొనగా, ఆ రెండవ నిద్రను సైతము తప్పుపట్టినవారు లేరు. దూత రెండవమారు వచ్చి మరల తినుమని చెప్పిన పిమ్మటనే, ఆ బలముతో అతడు నలువది రాత్రింబగళ్లు హోరేబువరకు నడిచెను. దైవస్వరము వినబడినది అచట. ఇంటిల్లిపాదికి వడ్డించి, చల్లారిన అన్నము తినుటకు అలవాటుపడిన తల్లికి, వేరొకరు కాల్చి తలాపున నుంచిన వేడిరొట్టె యెట్టిదో నేను చెప్పనక్కరలేదు.

131వ కీర్తన మూడే వచనములు గలది, యాత్రకీర్తనలలో నొకటి. అందు భక్తుడు తన ప్రాణమును పాలు మానిన బిడ్డతో పోల్చును. మా చిన్నవానికి పాలు మాన్పించుటకై నేను వేపాకు ముద్ద పూసికొన్న మూడు రాత్రులును, వాడు నా రవికె పట్టి లాగుచు, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి నిద్రించెను. నాలుగవ రాత్రి తానై వచ్చి, ఏమియు అడుగక, నా యొడిలో తల పెట్టి, నా గాజులను ఒక్కొక్కటిగా వ్రేలితో కదలించుచు పండుకొనెను. ఆ కీర్తన నాకు తెలిసినది ఆ రాత్రి. అంతవరకు నేను ఓర్పు నిమ్మని, బలమిమ్మని, నెలాఖరు ఖర్చులకు దారి చూపుమని ఏడ్చుచునే దేవుని సన్నిధికి పోవుచుంటిని. అట్లు పోవుట తప్పు కాదు. బిడ్డ పాలకై ఏడ్వకున్న తల్లికెట్లు తెలియును? కాని ఏమియు అడుగక ఒడిలో నుండుటయు ఒకటి కలదు. ఇంటనందరకు తల్లినై తిరుగు నన్ను ఆ కీర్తనకారుడు బిడ్డ యుండు చోటనే కూర్చుండబెట్టినాడు.

గత ఆదివారము నా ప్రక్కన కూర్చున్న యొక చిన్నవయసు తల్లి, ఒడిలో పసిబిడ్డతో, ప్రసంగమధ్యమున నా భుజముమీదికి ఒరిగిపోయెను. ఏడేండ్ల ఆమె పెద్దకూతురు అటునిటు చూచి, తల్లిని లేపుటకై మోచేయి ఎత్తినది. నేనా చిన్నచేతిని నా చేతిలోనికి తీసికొని, ఆశీర్వచనము ముగియువరకు విడువలేదు.