దేవాపి చేసిన పాపమేమిటి?

ఒంటిమీద పొలుసులు లేచినా, తెల్లమచ్చ పడినా మన ఊళ్లలో ముందు వినిపించేది ‘ఏ జన్మలో చేసుకున్న పాపమో’ అన్న మాటే. అనేవాళ్లు భక్తితోనే అంటారు. కానీ భారతమే ఆ మాటకు ఒప్పుకోదు. ఉద్యోగపర్వంలో శంతనుడి అన్న దేవాపి ధర్మాత్ముడు, సత్యవాది, తండ్రి సేవలో ఉండేవాడు, ప్రజలకు ఇష్టుడు. అతనికి చర్మరోగం. పట్టాభిషేకానికి అన్నీ సిద్ధమయ్యాక పెద్దలు అడ్డుపడ్డారు, తండ్రి ప్రతీపుడు కన్నీరు పెట్టుకున్నాడు, కొడుకు అడవి దారి పట్టాడు. ఆ రోగానికి కారణంగా ఒక్క తప్పయినా అక్కడ చెప్పలేదు. మరి సాంబుడికి తండ్రి కృష్ణుడి శాపం వల్లే కుష్ఠు వచ్చింది కదా అంటారు. నిజమే, కానీ ఆ పురాణం శాపంతో ఆగిపోలేదు, సూర్యారాధనతో బాగుపడే దారి చూపింది. నేడు సోరియాసిస్‌కూ బొల్లికీ చేసే కాంతి చికిత్సలోనూ ఎక్కువగా 311 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలనే కొలిచి వాడతారు. అలాగని సొంతంగా ఎండలో నిలబడితే చర్మం కాలుతుంది.

సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గాకు జనవరి ఉర్సులో హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు, కందూరు చేసి పదిమందికీ వడ్డిస్తారు. సోరియాసిస్ ఉన్న మనిషికి ఇంట్లో కంచం వేరు చేసేవాళ్లు ఆ బంతిని గుర్తు చేసుకోవాలి. ఈ జబ్బు అంటురోగం కాదు. రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి, నెల పట్టే చర్మకణాల ఎదుగుదల కొద్ది రోజుల్లోనే జరిగిపోతుంది. రాలే పొలుసులు కనబడతాయనే ఆ మనిషి నల్ల చొక్కా వేసుకోడు. మొక్కుకున్నాక మందులెందుకంటారు కొందరు. మొక్కు ధైర్యమిస్తుంది, వాపును తగ్గించే పని మందుది. పూర్తిగా పోని జబ్బుకు వైద్యమెందుకంటారు ఇంకొందరు. బీపీ, షుగర్ కూడా పోవు, అదుపులో ఉంటాయి. అసలు ప్రమాదం తెలిసీ తెలియని వైద్యంతోనే. స్టెరాయిడ్ ఇంజక్షన్‌తో తగ్గినట్టే తగ్గి, ఆపగానే రెట్టింపుగా తిరగబెట్టవచ్చు. సోరియాసిస్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.

ఆస్పత్రి దూరమన్నది మాత్రం న్యాయమైన అభ్యంతరమే. 2019లో సూర్యాపేటకు ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి కాంతి చికిత్స అంటే కూలి మనిషికి ఆ రోజుల కూలి పోయినట్టే. అలాంటి వైద్యం కోదాడ, మిర్యాలగూడల్లోనూ సర్కారు ఖర్చుతో అందాలని అడగడం దైవకార్యమే. మొక్కుకు ఇంటిల్లిపాదీ కదులుతారు, ఆస్పత్రికి రోగి ఒక్కడే బస్సెక్కుతాడు. సోరియాసిస్ కొందరిలో కీళ్లకూ పాకుతుంది కాబట్టి డాక్టరు ఆ సంగతీ అడుగుతారు. పొద్దున్నే పిడికిలి ముడుచుకోవడానికి రోగి ఎంతసేపు తంటాలు పడుతున్నాడో చెప్పడానికి ఇంట్లోవాళ్లు ఒకరు పక్కన ఉండాలి.