సంకరం అనే మాట

'సంకరం' అనే మాటని మనం రెండు రకాలుగా వాడతాం. పత్తి విత్తనానికైతే మెచ్చుకోలు, మనిషికైతే తిట్టు. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడి భయాల్లో వర్ణసంకరం కూడా ఉంది. బడిలో నాకు చెప్పిన ఉదాహరణ కంచర గాడిద. రెండు జాతులు కలిస్తే పుడుతుంది, దానికి మాత్రం పిల్లలు పుట్టవు. సంకరమంటే అక్కడితో దారి మూసుకుపోవడమేనని చాలాకాలం అనుకున్నాను.

ఆ నమ్మకాన్ని కదిపింది తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు. సుమారు 15,000 ఏళ్ల క్రితం అది ఎండిపోయి మళ్లీ నిండింది. ఆ తర్వాత అందులో సిక్లిడ్ చేపలు దాదాపు 500 జాతులయ్యాయి. నత్తల్ని నమిలేవి, రాళ్ల మీది నాచు గీరి తినేవి, తోటి చేపల్ని మింగేవి. కొత్త జన్యుమార్పులు ఒక్కొక్కటీ పోగుపడి ఇన్ని జాతులు రావాలంటే ఆ కాలం ఏమూలకీ చాలదు. 2017లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం దీనికి జవాబు వెతికింది. సుమారు లక్షన్నర ఏళ్ల క్రితం, కాంగో వైపుదొకటి, నైలు వైపుదొకటి, రెండు దూరపు వంశాలు కలిశాయి. వాటి పాత తేడాలే పేకముక్కల్లా కలిసిపోయి, కొత్త కొత్త పంపకాలకి అందుబాటులోకొచ్చాయి. రంగుల్ని గుర్తించే ఒక కంటి జన్యువులో రెండు వంశాల నుంచీ రెండు రూపాలు వచ్చాయి. ఒకటి పైనీళ్ల వెలుగుకి, ఇంకోటి లోతు నీళ్ల వెలుగుకి పనికొచ్చింది.

ఇది చదివినప్పుడు, ఈ చేపల్ని చూపించి కులాంతర వివాహాల మీద వాదించేవాళ్ల నోరు మూయించొచ్చు అనిపించింది. కానీ అదే సరస్సులో ఇంకో కథ కూడా ఉంది. మనుషుల వల్ల నీళ్లు మురికెక్కిన చోట ఆడచేపలకి మగచేపల రంగు సరిగ్గా కనపడటం లేదని, దాంతో జాతులు ఒకదాన్లో ఒకటి కలిసిపోతున్నాయని 1997లో ఓలె జేహౌజెన్ బృందం చూపించింది. అంటే ఒకప్పుడు వందల జాతులకి సరుకు ఇచ్చిన కలయికే ఇప్పుడు వాటిని చెరిపేస్తోంది.

కాబట్టి చేపలు నా తరఫున సాక్ష్యం చెప్పవు. అవతలివాళ్ల తరఫునా చెప్పవు. అసలు కులాలు జాతులే కావు, మనుషులంతా ఒకే జాతి. ఇద్దరు ఇష్టపడి కలిసి బతకడానికి జీవశాస్త్రం అనుమతి ఎందుకు? రేపు ఏదో అధ్యయనం దానికి ఎదురు చెబితే ఆ హక్కు పోతుందా?

అయినా ఈ సరస్సు నాకొకటి నేర్పింది. 'ప్రకృతి విరుద్ధం' అని ఎవరైనా అంటే, ఏ ప్రకృతి, ఎప్పటిది, ఏ నీళ్లలోది అని అడగాలి. ఆ మాట అనేవాళ్లు సాధారణంగా తమ వీధినే ప్రకృతి అనుకుంటారు.