కెమెరాకు, కంప్యూటరుకు నడుమ

నౌపడ నుండి పర్లాకిమిడికి పోవు చిన్న రైలుదారి వెడల్పు ఒకప్పుడు 762 మిల్లీమీటర్లు. పెద్ద లైను వెడల్పు 1,676. కావున నౌపడలో సరుకును ఒక బండి నుండి దించి మరియొక బండికి ఎక్కింపవలసియుండెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున ఉత్తరాంధ్రము నుండి ఖరగ్‌పూరుకు వచ్చి స్థిరపడిన కుటుంబములకు గేజి అను మాటను వివరింపనక్కరలేదు. అచ్చటి తెలుగు సంఘమొకటి తన కూటములను ఇంటర్నెట్టులో ప్రసారము చేయదలచి వీడియో క్యాప్చర్ కార్డు కొనునప్పుడు మొదట చూడవలసినదియు ఈ గేజియే.

కెమెరా హెచ్.డి.ఎం.ఐ. తీగ ద్వారా పంపు దృశ్యమును కంప్యూటరు గ్రహించు రూపమునకు తెచ్చుట ఆ కార్డు పని. డెస్క్‌టాపు లోపల బిగించు కార్డు ల్యాప్‌టాపులో పట్టదు. దానికి బయట తగిలించు యు.ఎస్.బి. పరికరము కావలెను. సెకనుకు 30 చొప్పున పూర్తి హెచ్.డి. దృశ్యములు కుదింపు లేక సాగినచో, సాధారణముగా సెకనుకు 1,000 మెగాబిట్లకు చేరును. యు.ఎస్.బి. 2.0 దారి 480కి మించి మోయజాలదు గనుక చవక పరికరములు దృశ్యమును ముందే కుదించి పంపును. 3.0 దారి 5,000 మెగాబిట్లది. ఆ యిబ్బంది లేదు. ప్రత్యేకమైన డ్రైవరు కోరని యు.వి.సి. పరికరమైనచో కంప్యూటరు మారినను చాలమట్టుకు పనిచేయును.

అంతకు మించిన ఖరీదు ఎవరి కొరకు? మంచము పట్టిన పింఛనుదారుడు చిన్న ఫోనులో చూచును. రాత్రి డ్యూటీ దిగిన లోకోపైలట్ నిద్రలేచిన పిమ్మట చూచును. వారికి స్పష్టమైన శబ్దము ముఖ్యము. కానుకల సొమ్ముతో 4కె కార్డు కొని, ప్రసంగపీఠపు మైకును మార్చకుండుట వింత పొదుపు.

2020 మార్చి 25న దేశమంతటను లాక్‌డౌన్ మొదలైనది. ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు నాడు మందిరములు మూతబడియుండెను. ఆనాడు అనేక సంఘములకు తెరయే ఆధారమాయెను. ద్వారములు తెరచిన పిదప వేరొక ప్రశ్న నిలిచినది. ఒక తల్లి కూటములో లేచి, త్రాగుడుకు లోబడిన కుమారుని కొరకు ప్రార్థన కోరుననుకొందము. మందిరములోనివారు ఆమెను ఎరిగినవారు. ఆమె కన్నీరు వారియొద్ద భద్రము. కార్డు మాత్రము పాటను, కన్నీటిని ఒకే రీతిగా పంపును. ఆ దృశ్యము విశాఖపట్నములోని బంధువులకును, ఆ కుమారునికి పిల్లనిచ్చుటకు ఆలోచించువారికిని చేరవచ్చును. తరువాత తొలగించినను, అప్పటికే చూచినవారి మనస్సులో నుండి తొలగింపలేరు. ప్రార్థన మనవులకు ముందే ప్రసారమును ఆపు అధికారము ఒకరికి ఇయ్యబడవలెను. యంత్రము నడుపు యువకునికే ఇచ్చినను తప్పులేదు, కాని అతడు పెద్దలవైపు చూచి వేచియుండనవసరము లేకుండ ఇయ్యవలెను. కార్డు ధరను గూర్చి మూడు కమిటీలు కూర్చుండి, ఈ విషయమును ఎవ్వరును ఎత్తకపోవుట సామాన్యము.

రెండవ లెక్కయు గలదు. నూరుమంది చూచిరని తెర చూపును. చూచినవారిలో ఎవరికి మందు నిండుకొన్నదో చూపదు. యోహాను తన రెండవ పత్రికలో వ్రాయవలసిన సంగతులు అనేకములున్నను సిరాతో వ్రాయక, ముఖాముఖిగా మాటలాడ గోరెను. పింఛనుదారుని యింటికి రొట్టెయు పాత్రయు ఇప్పటికిని ఎవరో సైకిలుమీద తీసికొనిపోవలసినదే.