సున్నం పైసలు

సూర్యాపేటల ఒక ఇంటి ఓనరు నాకు 1665 రూపాయలు బాకీ పడ్డడు. 1996ల మాట. అందుల 1365 ఇస్తనన్నడు, 300 పట్టుకుంటనన్నడు. ఆ మూడు వందల కోసం రెండు నెలలు తిరిగిన. తోటి టీచర్లు నవ్విన్రు. "మూడు వందలకు ఇంత లొల్లా సారూ" అన్నరు. ఆ మూడు వందలు దేనికో చెప్తె గని ఈ లొల్లి అర్థం కాదు.

అంతకంటె ముందు కోదాడ సంగతి చెప్పాలె.

1993ల కోదాడ దగ్గర నాకు టీచరు నౌకరి వచ్చింది. మా ఇంట్ల బడి మెట్టు ఎక్కింది నేనే మొదలు. నాయిన చెప్పులు కుట్టిన పైసలతోటి చదివిన. నౌకరొస్తె కష్టాలు తీరుతయన్నరు గని, నౌకరొచ్చినంక ఇల్లు దొరకదని ఎవరూ చెప్పలే. కిరాయి బోర్డు కనవడ్డ ప్రతి గడప ముందట నిలవడ్డ. "ఏమోళ్ళు?" అని అడిగిన్రు. "మాదిగోళ్ళం" అన్న. "అయ్యో, పొద్దుగాల్లనే ఎవరో బయానా ఇచ్చి పోయిన్రు సారూ" అన్నరు. వారం తర్వాత చూస్తె బోర్డు అక్కడనే ఉన్నది. ఎవ్వరూ తిట్టలే. ఒకామె మంచినీళ్ళు ఇయ్యబోయి, చేతుల ఉన్న గ్లాసు చూసుకొని, లోపలికి పోయి వేరే గ్లాసు తెచ్చింది. ఆఖరుకు మనోళ్ళ వాడల ఒక రేకుల రూం దొరికింది. మూడేండ్లు అండ్లనే ఎల్లదీసిన.

1996 ఎండాకాలంల సూర్యాపేటకు బదిలీ అయింది. నిజం చెప్తె ఇల్లు దొరకదని కోదాడ నాకు నేర్పింది. ఇక్కడ గూడ ఓనరు అదే అడిగిండు, "ఏమోళ్ళు సారూ?" అని. "మాది ఆత్మకూరు దిక్కు సార్, హైస్కూలు టీచర్ను" అన్న. కులం అడిగితె ఊరు చెప్పిన. ఆయన నా అంగీ చూసిండు, చెప్పులు చూసిండు, తనకు నచ్చిన కులం తనే అనుకున్నడు. కిరాయి నెలకు 450. మూడు నెలల అడ్వాన్సు 1350. కిరాయి ఒకటో తారీకు ముందుగాలనే కట్టాలె. చిట్టి ఎత్తి కట్టిన.

జూన్, జూలై గడిచినయ్. ఆ ఇంట్ల మేము మెల్లగ మాట్లాడుకున్నం. నా భార్య మాట్లాడే ముందు మాటను నోట్లనే కడుక్కునేది. పెద్దకూర వండుకోలే. ఆగస్టు ఒకటిన ఆ నెల కిరాయి గూడ కట్టిన.

ఆగస్టు ఎనిమిదిన ఒక పోస్టుకార్డు వచ్చింది. 1994ల ప్రకాశం జిల్లా ఈదుమూడిల మొదలైన దండోర అప్పటికి మా దిక్కు పల్లెపల్లెకు ముట్టింది. పేరు చివర మాదిగ అని రాసుకునుడు మొదలైంది. పేర్ల చివర రెడ్డి, రావు, శర్మ అని పెట్టుకున్నోళ్ళను ఎవరూ ఎందుకని అడగలే. మేం పెట్టుకుంటె మాత్రం లోకం ఉలిక్కిపడ్డది. మా ఊరి దోస్తు ఒకడు తన పెండ్లికి రమ్మని ఆ కార్డు రాసిండు. అడ్రసుల నా పేరు పక్కన గూడ సంబురంగ మాదిగ అని చేర్చిండు. నేను బడిల ఉన్నప్పుడు అది ఓనరు చేతికి పోయింది. సాయంత్రం ఆయన దాన్ని గేటు గోడ మీద పెట్టి, "ఇది నీదేనా?" అన్నడు. పొద్దుగాల మీరు, సాయంత్రం నువ్వు.

నాకు మొదలు కోపమొచ్చింది ఓనరు మీద గాదు, కార్డు రాసిన దోస్తు మీద. వాడు దాసుకోకపోవుడు నాకు తప్పుగ కనవడ్డది. ఆ మాట ఒప్పుకోకపోతె ఈ రాత అబద్ధమైతది.

"కొడుకు కోడలు వస్తున్నరు, ఇల్లు ఖాళీ చెయ్యాలె" అన్నడు. ఆ రాత్రే నీళ్ళ మోటరు బందు పెట్టిండు. తొమ్మిదో తారీకు బండి కట్టుకున్నం. లెక్క అడిగిన. అడ్వాన్సు 1350. రోజుకు పదిహేను లెక్కన తొమ్మిది రోజులు పోను, మిగిలిన ఇరవై ఒక్క రోజుల కిరాయి 315. మొత్తం 1665.

"ఇల్లంత సున్నం ఏపియ్యాలె, బాయి తోడిపియ్యాలె. మూడు వందలు పట్టుకుంట" అన్నడు.

"మేం దిగేటప్పుడే కొత్తగ సున్నం ఏసి ఉన్నది గద సార్" అన్న.

"అది వేరే, ఇది వేరే."

వేరే ఏందో ఇద్దరికీ ఎరుకే. మేం ఉన్నందుకు ఇల్లు మైలవడ్డది, ఆ మైల కడిగే ఖర్చు మా పైసలల్లనే పట్టుకోవాలె. అంటరానితనానికి కూలి గూడ అంటరానోడే కట్టాలెనన్నట్టు. ఇంకో మాట గూడ అన్నడు. "కులం దాసి మోసం చేసి దిగినవ్. అసలు నీకు ఒక్క పైస ఇయ్యనవసరం లేదు."

మూడు వందల కంటె ఆ మాటే నన్ను ఎక్కువ తిప్పింది. నేను మోసం చేసిన్నా?

1917ల అంబేద్కర్ కొలంబియాల చదువుకొనొచ్చి బరోడా సంస్థానంల కొలువుకు చేరిండు. ఉండనీకి ఇల్లు దొరకలే. పార్శీల సత్రంల పార్శీ పేరు రాయించుకొని దిగిండు. పదకొండో రోజు పార్శీలు కట్టెలు పట్టుకొనొచ్చి ఖాళీ చెయ్యమన్నరు. స్నేహితులను అడిగితె వాళ్ళకూ ఏదో అడ్డమొచ్చింది. ఒక తోటల పొద్దు గడిపి, రాత్రి రైలుకు బొంబాయి పోయిండు. సత్రంల ఉన్నన్ని రోజులు ఆయన గూడ కిరాయి కట్టిండు. మరి మోసపోయింది ఎవరు?

కిరాయికి ఉండేటోడు ఇంటాయనకు ఏం బాకీ? అనుకున్న రోజుకు కిరాయి కట్టాలె. గోడలు, తలుపులు చెడగొట్టకూడదు. పక్కోళ్ళను సతాయించకూడదు. వీటిల్ల దేంట్లనన్న దాపరికం చేస్తె అది మోసమే. నా కులంతోటి ఆయన గోడకు పగుళ్ళు రావు, ఆయన బాయిల నీళ్ళు తగ్గవు. నన్ను గెంటనీకే అడిగే ప్రశ్నకు జవాబు ఎగ్గొడితె అది మోసం కాదు, తలదాసుకునుడు. దొంగ వచ్చి పైసలెక్కడ దాసినవని అడిగితె చెప్పనోన్ని అబద్ధాలకోరు అంటమా? ఓనరు లెక్కల నేను తప్పు చెయ్యలేదని అట్ల తేల్చుకున్న.

ఇగ మిగిలింది పైసల లెక్క. సలహాలు రెండు తీర్ల వచ్చినయ్. పెద్దసారు, "ఇచ్చిన కాడికి తీసుకొని మరిచిపో" అన్నడు. పెండ్లి పిలగాడైన దోస్తు, "వాని పైసలు మనకెందుకే, మొఖాన కొట్టి రా" అన్నడు. ఇది వినసొంపుగ ఉంటది. కాని చిట్టి కిస్తీ నేను కట్టాలె. ఇంకో సంగతి యాదికొచ్చింది. మా నాయిన మోట బొక్కెనలు కుట్టిండు, కాపోళ్ళ చెప్పులన్నీ కుట్టిండు. పంట కోసినంక కల్లం కాడ దూరంగ నిలవడితె అడుగుబడ్డ గింజలు ఇంత పోసేటోళ్ళు. తక్కువైందని ఏనాడూ అడగలే. అడగకపోవుడే మర్యాదని ఆయనకు నేర్పిన్రు. ఆత్మగౌరవం పేరు మీద నా పైసలు నేను ఒదులుకుంటె, అది గూడ ఒక తీరు వెట్టే గద.

కోర్టుల మన వకీలు ఒకాయన ఉండె. ఆయన చట్టాలు ఇప్పి చెప్పిండు. 1960 కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం ఒక నెల కిరాయి కంటె ఎక్కువ అడ్వాన్సు తీసుకునుడే తప్పు. రెంట్ కంట్రోలర్ ఉత్తర్వు లేకుండ ఖాళీ చేపిచ్చుడు తప్పు. నీళ్ళు బందు పెట్టుడు తప్పు. "ఇల్లు విడిచిపోయేటట్టు చేస్తె 1989 అత్యాచారాల నిరోధక చట్టంల అది నేరం. కాని సాక్ష్యమేది తమ్మీ? ఆయన కులం పేరు నోట తియ్యలే. కొడుకు వస్తున్నడన్నడు. నువ్వే బండి కట్టుకొని బయటికొచ్చినవ్" అన్నడు. కోదాడల గ్లాసు మార్చిన ఆమె గూడ ఏమనలే. నోటితోటి అనకుండనే అన్నీ అయిపోతయ్.

పైసలకే నోటీసు ఇప్పిచ్చిన. సున్నం పేరు మీద పట్టుకునే హక్కు లేదని అందుల ప్రత్యేకంగ రాపిచ్చిన. రెండు నెలలకు ఒక మధ్యవర్తి 1665 తెచ్చి ముందటేసిండు. రశీదు అడిగిండు. అడ్వాన్సు ఇంత, కిరాయి ఇంత, సున్నానికి ఏమీ పట్టుకోలేదు అని రాసి, కింద పేరు చివర మాదిగ అని సంతకం పెట్టిన. అట్ల పెట్టుడు నాకు అదే మొదలు. దోస్తుకు బాకీ ఉన్న జవాబు ఆ తీరుగ ఇచ్చిన.

పైసలు వచ్చినయ్. న్యాయం వచ్చిందా అంటె చెప్పలేను. ఆయన తప్పు ఒప్పుకోలే. నోటీసుకు భయపడ్డడు, అంతే. నేను ఇల్లు వాపసు అడగలే, పైసలే అడిగిన. దొరికినంత వరకు అది గెలుపే. కాని సున్నం లెక్క అక్కడితోటి ఒడువలే.

ఆ జూలైల ఒకనాడు మా అవ్వ చెప్పకుండనే బయలెల్లి సూర్యాపేట బస్టాండుల దిగింది. మూటల ఎండు తునకలు, మనుమరాలికి పేలాలు. కట్టు, బొట్టు, మాట, ఏది చూసినా ఆమె ఏమోళ్ళో చెప్పకుండనే తెలుస్తది. కబురందుకొని ఉరికిన. హోటల్ల చాయ తాపిన. "ఇంట్ల సున్నం ఏస్తున్నరవ్వా, జాగ లేదు. మళ్ళ రా" అన్న. మళ్ళా బస్సెక్కిచ్చిన. "మంచిగ ఏపిచ్చుకో బిడ్డా" అన్నది. మనుమరాలిని చూడకుండనే పోయింది.

ఓనరు నోట సున్నం మాట వినంగనే నాకు వణుకు పుట్టింది అందుకే. ఆయనకంటె ముందు ఆ మాట నేనే వాడిన. ఆయన నన్ను గడప దాటిచ్చిండు. నేను మా అవ్వను గడపే తొక్కనియ్యలే. కులం దాసినందుకు ఓనరుకు నేనేమీ బాకీ లేను, అవ్వకు బాకీ పడ్డ. ఈ దాపరికం ఖర్చు ఎప్పుడూ మనింటోళ్ళ మీదనే పడ్తది.

2001ల మిర్యాలగూడకు బదిలీ అయింది. ఈసారి వాళ్ళు అడగకముందే, "మాదిగోళ్ళం. మా అవ్వ వచ్చిపోతది. మా వంట మేం వండుకుంటం. ఇష్టమైతెనే కిరాయి మాట్లాడుదాం" అన్న. చాన ఇండ్లు తిరిగినంక ఒక రైసు మిల్లు గుమాస్తా తాళంచెవి ఇచ్చిండు. ఒక నెల అడ్వాన్సు చాలన్నడు. దీన్ని ఊరి మంచితనమని రాయను. అదే మిర్యాలగూడల 2018 సెప్టెంబరు 14న, పై కులం పిల్లను పెండ్లి చేసుకున్నందుకు, ప్రణయ్‌ను పట్టపగలు నరికిపిచ్చిన్రు. ఒక మనిషి మంచోడు, అంతే. నిజం చెప్పి బతకాలెనంటె ఇంకా అసువంటి మనిషి తారసపడాలె. అదే బాధ.

ఆ ఇంట్ల దిగిన వారానికి అవ్వను నేనే పోయి తెచ్చిన. గేటు తీసి "లోపలికి రా అవ్వా" అన్న. ఆమె గడప అవతలనే ఆగి, గోడల దిక్కు చూసి అడిగింది.

"సున్నం ఏసుడు అయిపోయిందా బిడ్డా?"