గుర్తు కణానిది, కణం యెవరిది?

వ్యక్తిని గురించీ సమూహాన్ని గురించీ మనం చాలా వాదించుకున్నాం. అదే సమస్య యిప్పుడు సూక్ష్మదర్శిని కిందికి వచ్చింది.

కాన్సరు గడ్డలోని కణాలన్నీ వొకటి కావు. మందుకు కొన్ని లొంగుతాయి, కొన్ని లొంగవు. సగటు లెక్క యీ తేడాను కప్పిపుచ్చుతుంది. కణాలకు మెరిసే రంగులు పట్టించి గుర్తించే పద్ధతి పాతదే; కాని ఆ రంగులు వొకదానిలో వొకటి కలిసిపోతాయి. అంచేత వొకేసారి పోల్చుకోగలిగేవి కొన్నే. 2019లో బోస్టన్ నగరంలోని మాసచూసెట్స్ జనరల్ హాస్పిటల్ శాస్త్రజ్ఞులు యీ అడ్డును దాటారు. సుమారు రెండు మైక్రాన్ల సెమీకండక్టర్ బిళ్ళలకు సిలికా పూత పూసి కణాలలోకి పంపారు. బయటినుంచి కాంతి తగిలితే, బిళ్ళ అంచువెంట వెలుగు తిరిగి తిరిగి లేజరై వెలువడుతుంది. బిళ్ళ పరిమాణమో పదార్థమో కొద్దిగా మారితే తరంగదైర్ఘ్యం మారుతుంది. ఆ కాంతిరేఖ అతి సన్నం గనక వందలకొద్దీ గుర్తులు కలిసిపోకుండా నిలుస్తాయి. గడ్డ నమూనాలో వేల కణాలను రోజుల తరబడి వెంబడించగలిగారు.

యిది గొప్ప విజయం. విజ్ఞానాన్ని చూసి భయపడటం అభ్యుదయం కాదు. అయితే ఆ గుర్తు "యిది ఆ కణమే" అని మాత్రమే చెబుతుంది. అది యెవరి శరీరంనుంచి, యెవరి సమ్మతితో వచ్చిందో చెప్పదు. ఆ ప్రశ్నకు జవాబు సమాజం చెప్పాలి.

1951లో బాల్టిమోరులో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీనుంచి అడగకుండా తీసిన కణాలు "హేలా" పేరుతో ప్రపంచమంతా పాకాయి. ఆమె పేరులోని అక్షరాలు కణాలకు దక్కాయి. కుటుంబానికి యిరవై యేళ్ళపాటు కబురైనా దక్కలేదు. 1976లో జాన్ మూర్ అనే రక్తకాన్సరు రోగికి ప్లీహం తీసేశారు. చికిత్స చేసిన వైద్యుడు ఆ కణాలను పెంచాడు; 1984లో వాటిమీద విశ్వవిద్యాలయానికి పేటెంటు వచ్చింది. మూర్ కోర్టుకెక్కాడు. వైద్యుడు తన లాభం సంగతి రోగికి చెప్పి వుండవలసిందని వొప్పుకుంటూనే, తీసేసిన కణాలమీద రోగికి ఆస్తిహక్కు లేదని 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. హక్కిస్తే పరిశోధనకు ఆటంకమట!

ఆ తర్కాన్ని నేను సగం వొప్పుకుంటాను. దేహాన్ని అంగడి సరుకు చెయ్యాలని నేనూ కోరను. కణం సొంత ఆస్తి అయితే రేపు దాన్ని అమ్ముకోక తప్పనివాడు పేదవాడే. కాని రోగి హక్కు పరిశోధనకు ఆటంకమైతే పేటెంటు యెందుకు కాదు? ఆస్తి చెడ్డదని కాదు, రోగి చేతిలో ఆస్తి చెడ్డదని ఆ తీర్పు సారాంశం.

కొందరు మిత్రులంటారు: "మందు వస్తే అందరికీ మేలే కదా, కణం యెవరిదైతేనేం?" నిజంగా అందరికీ మేలయితే పేచీయే లేదు. మందుకు ధర కట్టేటప్పుడు ఆ "అందరూ" యేమైపోతున్నారో అడగాలి.

అంచేత నేననేది యిది: కణం యిచ్చినవాడి ఆస్తీ కాకూడదు, తీసుకున్నవాడి ఆస్తీ కాకూడదు. యిచ్చినవాడికి అన్నీ తెలియాలి, అతని సమ్మతి వుండాలి, ఫలితం నలుగురిదీ కావాలి. రెండు మైక్రాన్ల బిళ్ళతో కణం కణానికీ ఆనవాలు కట్టగలిగిన యీ కాలంలో, ఆ కణాన్నిచ్చిన మనిషిని మరిచిపోతే, అది చేతకాక కాదు, అక్కర్లేక.