ఒక్కటి అల్లు, ఒక్కరి కోసం అల్లు

కాలేజీలో ఫేర్‌వెల్ వస్తోందని ఊలు ఉండలు తెచ్చి మంచం నిండా పరుచుకున్నావు. స్నేహితులందరికీ తలో బొమ్మా అల్లి, కీచైన్లకి తగిలించి ఇస్తానంటున్నావు. మంచి ఆలోచనే తల్లీ. నీ మనసుకి నేను వంక పెట్టను, నాకున్న బాధల్లా నీ తొందరతోనే. కొనిచ్చే కానుకకి డబ్బుంటే చాలు, అల్లి ఇచ్చేదానికి పొద్దు కావాలి. ఆ పొద్దు నీ దగ్గర ఎంతుందో ముందు చూసుకోవద్దూ? అందరికీ ఒకేసారి ఇచ్చెయ్యాలని కూర్చుంటే ఏదీ కుదురుగా రాదు. ముందు ఒక్కటి అల్లు. ఒక్కరిని మనసులో పెట్టుకుని అల్లు.

చిన్న బొమ్మే కదా అంటావు. చిన్నదానికే ఓపిక ఎక్కువ కావాలమ్మా. పెద్ద దుప్పటిలో ఒక కుట్టు తప్పితే ఎవరికీ కనపడదు. రెండు వేళ్ల మధ్య ఇమిడే కోడిపిల్ల బొమ్మలో తప్పితే మాత్రం తల ఓ పక్కకి ఒరుగుతుంది. మ్యాజిక్ రింగులో 6 కుట్లతో మొదలుపెడితే తర్వాతి వరసకి 12, ఆ పైన 18, ఆ పైన 24. అలా వరసకి 6 చొప్పున పెరిగితేనే గుండ్రంగా వస్తుంది. వరస ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు కనక, మొదటి కుట్టులో వేరే రంగు దారం ముక్క గుర్తుగా దూర్చుకోవాలి. నువ్వేమో ఓ చెవిలో పాట, మధ్యమధ్య మెసేజీలకి జవాబు. 18 ఉండాల్సిన చోట 17 తేలతాయి. "ఎవరు చూస్తారులే" అని పై వరసలో ఒకటి కలిపేస్తావు. అదిగో, అదే వద్దంటున్నాను. విప్పెయ్యి. క్రోషాలో సూది మీద ఉండేది ఒక్క ముడే, కొస పట్టుకుని లాగితే తప్పు దొర్లిన చోటిదాకా ఇట్టే వచ్చేస్తుంది. దారం ఎక్కడికీ పోదు, మళ్లీ దాంతోనే అల్లుకోవచ్చు. విప్పడానికి చిన్నతనం పడకు.

సూది సన్నది తీసుకో, 2 గానీ 2.5 గానీ మిల్లీమీటర్లది. కుట్లు బిగువుగా పడాలి, లేకపోతే లోపల కూరింది సందుల్లోంచి తొంగిచూస్తుంది. మామూలు దూది పెట్టకు, తడిస్తే ఉండకడుతుంది. దిండ్లలో వాడే పాలిస్టర్ పీచు కొంచెం కొంచెంగా విడదీసి కూరు. ఇక మూసే పని. నువ్వు తొందరపడేదంతా ఇక్కడే. కజ్జికాయ అంచు సరిగ్గా నొక్కకపోతే నూనెలో ఏమవుతుందో తెలుసుగా, ఇదీ అంతే. చివర మిగిలిన 6 కుట్ల పై పోగుల్లోంచి దారం తిప్పి, బిగించి, ఆ కొసని బొమ్మ లోపలికి రెండు మూడు వైపులకి పోనిచ్చి అప్పుడు కత్తిరించు. కీచైన్ రింగుని ఒక్క కుట్టుకి తగిలించి వదిలెయ్యకు. దారం రెండు పేటలు చేసి, నాలుగైదు కుట్లని కలిపి పట్టు. అది తాళాలతో, చిల్లరతో, స్కూటీ హ్యాండిలుతో రోజంతా రాసుకునే వస్తువు. బస్టాండులో బొమ్మ ఊడిపోయి చేతిలో రింగు ఒక్కటే మిగిలితే, తీసుకున్న పిల్ల నీకు చెప్పలేక బాధపడుతుంది.

ఇంకో మాట, దీన్ని మాత్రం గట్టిగా చెబుతాను. తీసుకునేవాళ్ల ఇంట్లో పసిపిల్లలుంటే బొమ్మకి ప్లాస్టిక్ కళ్లు పెట్టకు. పూసలూ వద్దు. పిల్లలు ఏది దొరికినా ముందు నోట్లో పెట్టుకుంటారు, ఊడిన కన్ను గొంతులో పడిందంటే ఎంత ప్రమాదం! నల్ల దారంతో రెండు కుట్లు వెయ్యి, కళ్లు ముచ్చటగానే ఉంటాయి.

రాత్రి రెండింటిదాకా తల వంచుకుని అల్లడం కూడా మానుకో. మణికట్టు పీకుతోందంటే సూది పక్కన పెట్టమని అర్థం. "ఇదొక్క వరస" అంటూ పది వరసలు లాగుతావు, పొద్దున్న మెడ తిప్పలేక అమ్మ మీద విసుక్కుంటావు.

నీ పని చూసి ఎవరో ఒకరు "మాకూ ఓ పాతిక చేసిపెట్టు, నీకు టైంపాసేగా" అంటారు. ఆ మాటకి మొహమాటపడి తల ఊపకు. మన నరసాపురం వైపు ఆడవాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల దగ్గర నేర్చుకున్న దగ్గర్నుంచి, తరతరాలుగా ఈ క్రోషా సూదితోనే లేసులు అల్లుతున్నారు. ఆ సరుకు ఓడలెక్కి దేశాలు దాటింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త వాళ్ల మీద పుస్తకమే రాసింది. అంత పని చేస్తున్నా వాళ్లని పనివాళ్లుగా కాక, ఇంటిపట్టున తీరిగ్గా కూర్చున్న గృహిణులుగానే లెక్కగట్టారని, అందుకే కూలి అంత తక్కువని చూపించింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కానీ తీరిక పని అన్న మాట ఇంకా పోలేదు. స్వెట్టర్లకి మిషన్లున్నాయి గానీ ఈ క్రోషా బొమ్మల్ని ఫ్యాక్టరీ మిషన్లు అల్లవు. దుకాణంలో అంత చవగ్గా వేలాడే కీచైన్ వెనక కూడా ఎవరో ఒకరి చెయ్యే ఉంది. కాబట్టి ఇష్టంగా ఇచ్చేది ఉట్టినే ఇవ్వు, అడిగి చేయించుకునేవాళ్లకి గంటలు లెక్కకట్టి ధర చెప్పు. అలాగే రేపు నువ్వు ఎగ్జిబిషన్‌లో ఇంకొకరి అల్లిక కొనేటప్పుడు గీచి గీచి బేరమాడకు.

ఇచ్చాక మాత్రం ఇక వదిలెయ్యి. తగిలించుకుందా లేదా, ఫొటో పెట్టిందా లేదా అని ఆరా తియ్యకు. చల్లటి నీళ్లలో చేత్తో ఉతుక్కోమని ఓ మాట చెప్పు, చాలు.

సరే, ముందు నీకు హాస్టల్లో జ్వరమొస్తే పక్కన కూర్చున్న ఆ పిల్లది మొదలుపెట్టు. తనకి ఏ రంగు ఇష్టమో కనుక్కో, మాయని రంగైతే ఇంకా మంచిది. మిగిలినవాళ్లకి పుట్టినరోజులు రాకపోవు, అప్పుడొకటి అప్పుడొకటి అల్లిద్దువు గానీ.